బీచ్ రోడ్డులో కప్పు.. అరకు కొండల్లో రుచి!

వైజాగ్ బీచ్ రోడ్డులో సాయంత్రం ఏ కేఫ్‌లో కూర్చున్నా ఓ పరీక్ష తప్పదు. అదే మెనూ కార్డు! ఒకప్పుడు ‘కాఫీ’ అంటే సరిపోయేది. మహా అయితే ‘షుగర్ తక్కువ’, ‘కాస్త స్ట్రాంగ్‌గా’ అనేవాళ్లం. ఇప్పుడు కార్డు నిండా వాష్డ్, నేచురల్, హనీ, లైట్ రోస్ట్, పీబెర్రీ. వాటి కింద సన్నటి అక్షరాల్లో నారింజ, బెల్లం, డార్క్ చాక్లెట్, ఎండు ద్రాక్ష.

మొన్న డిసెంబరులో మా ఫ్రెండ్ ఆ కార్డు చూసి అమాయకంగా అడిగాడు: ‘‘బ్రో, ఇందులో నారింజ రసం కలుపుతారా?’’

అందరం నవ్వేశాం. కానీ నవ్విన వాళ్లలో ఒక్కడికీ జవాబు తెలీదు, నాతో సహా. కలపకపోతే మరి ఆ నారింజ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ కార్డు మీద ‘అరకు’ అని రాసుంది. అరకు మనకి నూటపదిహేను కిలోమీటర్లే కదా! వెళ్లి చూస్తే పోలా అనుకున్నా.

ఇనుము దిగే దారిలో పైకి..

పొద్దున్నే విశాఖపట్నం స్టేషన్లో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కేశా. అద్దాల విస్టాడోమ్ బోగీ కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి. ఈ లైన్లో అది 2017లో వచ్చింది. నాకు దొరికింది మామూలు సీటు. అయినా కిటికీ పక్కన కూర్చుంటే ఏ లోటూ ఉండదు.

నిజానికి ఈ లైను టూరిస్టుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకి దించడానికి 1960ల్లో జపాన్ సహకారంతో వేశారు. మన స్టీల్ ప్లాంట్‌కి ముడి ఖనిజం వచ్చేదీ ఆ గనుల నుంచే. మన రైలు పక్కకి ఆగినప్పుడల్లా ఎదురుగా ఎర్రటి దుమ్ముతో గూడ్సులు గడగడా దిగిపోతుంటాయి.

శృంగవరపుకోట దాటాక కొండ ఎక్కడం మొదలు. యాభైకి పైగా సొరంగాలు. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో కుర్రాళ్ల ఈలలు. బొర్రా గుహల స్టేషన్ దగ్గర సగం రైలు ఖాళీ అయిపోయింది. శిమిలిగూడ వచ్చేసరికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. వైజాగ్‌లో టీషర్టుతో ఎక్కినవాణ్ని అరకులో స్వెట్టర్ వేసుకుని దిగా.

ఆ చలే మొదటి జవాబని అప్పటికి నాకు తెలీదు. ఎత్తు మీద, చల్లటి చోట కాఫీ పండు నిదానంగా పండుతుంది. అలా ఎక్కువ రోజులు చెట్టు మీదే ఉండటంతో గింజలో తీపి, పులుపు, సువాసనలు బాగా కూడతాయి. అరకు, పాడేరు, అనంతగిరి ప్రాంతాల్లో పండేది ఎక్కువగా అరబికా. దీనికి చల్లదనం కావాలి. రోబస్టా వేరే రకం. వేడిని తట్టుకుంటుంది, చేదు ఎక్కువ. కెఫీన్ కూడా అరబికాకి దాదాపు రెట్టింపు.

తోటలో నేర్చిన పాఠం

కాఫీ తోట అంటే నేను టీ తోటలా వరసగా కత్తిరించిన పొదలు ఊహించుకున్నా. తీరా చూస్తే అడవిలో అడుగుపెట్టినట్టుంది. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి చుట్టుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. తూర్పు కనుమల్లోకి కాఫీ 1898లో తూర్పు గోదావరి పాములేరు లోయ నుంచి వచ్చిందంటారు. పోడు వ్యవసాయానికి ప్రత్యామ్నాయంగా తర్వాత గిరిజనుల చేతికి ఈ పంట అందింది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షలకు పైగా ఎకరాల్లో సాగవుతోంది. ఎస్టేట్లు, యజమానుల లెక్క కాదిది. ఒక్కో కుటుంబానికి ఎకరం, రెండెకరాలు. అంతే.

ఆ తోటలో ఒకామె బుట్ట నడుముకి కట్టుకుని పళ్లు కోస్తోంది. ‘‘అక్కా, ఒకటి తినొచ్చా?’’ అనడిగా.

‘‘తిను బాబూ. ఎర్రగున్నదే తిను’’ అంటూ తనే కోసి ఇచ్చింది.

తొక్క కింద పల్చటి జిగురు గుజ్జు. తియ్యగా ఉంది! కాఫీ వాసన మాత్రం ఒక్క పిసరు కూడా లేదు. లోపల రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఒక్కోసారి రెండుకి బదులు ఒకటే గుండ్రటి గింజ ఉంటుంది. మెనూలోని ‘పీబెర్రీ’ అదే. పచ్చి గింజ వాసన చూస్తే నానబెట్టిన బఠానీలా అనిపించింది.

కొమ్మ మీద ఎర్రవి, పసుపువి, పచ్చివి అన్నీ కలిసే ఉన్నాయి. ఆమె ఎర్రవే ఏరుతోంది. ‘‘అన్నీ ఒకేసారి కోసేస్తే పనైపోతుంది కదక్కా?’’ అన్నా.

‘‘అయిపోద్ది బాబూ. ఒక్కరోజులో లాగేయొచ్చు. కానీ పచ్చికాయ కలిత్తే రుచి చెడిపోద్ది. ఎర్రదే ఏరాలంటే నాలుగుపాళ్లు తోటకి రావాల. ఆ రోజుల కూలి ఎవులిత్తారు? కొనేటోడు మంచి రేటిత్తేనే ఏరతాం. అన్నిటికీ ఒకటే రేటంటే లాగేత్తాం’’ అంది, చెయ్యి ఆపకుండానే.

నేను తెచ్చుకున్న ప్రశ్నకి అసలు జవాబు అదే. నారింజ, బెల్లం అని కార్డు మీద రాసినవి ఎవరో మిషన్లో పోసినవి కాదు. ఎర్రటి పండు దగ్గర ఆగి, పచ్చిదాన్ని చెట్టు మీదే వదిలేసిన చేతి ఓపిక అది.

ఇంకొకటి కూడా అడిగా. ‘‘మరి మీరు ఏ కాఫీ తాగుతారక్కా?’’

ఆమె నవ్వేసింది. ‘‘మాకు అంబలే బాబూ. సుట్టాలొత్తే కొట్లో రెండు రూపాయల పొడి ప్యాకెట్టు తెత్తాం.’’

ఒకే పండు.. మూడు రుచులు

కోసిన రోజు నుంచే రుచి దారులు చీలిపోతాయి. ఇక్కడ మెనూ కార్డులోని మూడు పదాలకి అర్థం దొరుకుతుంది.

వాష్డ్: పండు తొక్క మిషన్లో తీసేసి, జిగురు కడిగేసి, గింజని పొరతోనే ఎండబెడతారు. ఈ పొర గింజనే ఇక్కడ పార్చ్‌మెంట్ అంటారు. రుచి శుభ్రంగా, తేలిగ్గా ఉంటుంది. నిమ్మ, నారింజ లాంటి హుషారైన పులుపు ఇందులోనే తెలుస్తుంది.

నేచురల్: పండుని పండుగానే ఎండబెట్టేస్తారు. గుజ్జులోని తీపి మధ్యలోనే పులుస్తూ గింజకి వాసన పట్టిస్తుంది. ఎండు ద్రాక్ష, బాగా మాగిన పనస తొన గుర్తొస్తాయి. జాగ్రత్తగా తిరగేయకపోతే మాత్రం బూజు వాసనే మిగులుతుంది.

హనీ: పేరు చూసి తేనె కలుపుతారనుకునేరు! తొక్క తీసి, జిగురు కొంత ఉంచి ఎండబెడతారు. ఆ జిగురు తేనెలా అంటుకుంటుంది కాబట్టి ఆ పేరు. రుచి పై రెండిటికీ మధ్యలో, బెల్లం పాకం వైపు.

ఇంత చేస్తే ఎంత మిగులుతుంది? ఐదారు కిలోల పళ్లకి ఒక కిలో గింజ. మనం పడేసే ఆ చివరి చల్లారిన సగం కప్పు వెనక కూడా గుప్పెడు పళ్లు ఉన్నాయన్నమాట.

ఇక వేయించడం. మన వంటింటి లెక్కే. పల్లీలు దోరగా వేగితే ఒక రుచి, మాడితే ఇంకో రుచి. లైట్ రోస్ట్‌లో గింజ సొంత రుచి, పులుపు నిలుస్తాయి. మీడియంలో బెల్లం, వేయించిన పప్పుల వాసన. డార్క్‌లో చేదు, పొగ పైకొచ్చి మిగతావి అణిగిపోతాయి. చాలామంది డార్క్ రోస్ట్‌ని ‘స్ట్రాంగ్’ అంటారు కానీ, అందులో కెఫీన్ ఎక్కువేం ఉండదు. ఎక్కువుండేది చేదే.

జుర్రితేనే తెలుస్తుంది!

అరకులో కాఫీ మ్యూజియం ఉంది. ఊళ్లోనూ దారి పొడవునా పొడి అమ్మే కొట్లు బోలెడు. నేను రెండు రకాలు కొనుక్కుని, గదిలో వేడినీళ్లు తెప్పించుకుని సొంతంగా పరీక్ష పెట్టుకున్నా. మీరూ ఇంట్లో చెయ్యొచ్చు.

రెండు కప్పుల్లో పది గ్రాముల చొప్పున పొడి వేయండి. రవ్వలా కాస్త బరక ఉండాలి. ఒక్కోదాంట్లో 160 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. కాగిన నీళ్లని అర నిమిషం ఆగి పోస్తే మంచిది. నాలుగు నిమిషాలయ్యాక పైన తేలిన తెట్టుని చెంచాతో పక్కకి తోసి ఆ వాసన చూడండి. కొంచెం చల్లారనిచ్చి చెంచాతో గట్టిగా జుర్రండి. చారు జుర్రినట్టే. పక్కవాళ్లు ఏమనుకున్నా పర్లేదు, ప్రపంచమంతా కాఫీ రుచి చూసేవాళ్లు చేసేది అదే. గాలితో కలిస్తేనే వాసన ముక్కు దాకా వెళ్తుంది.

మూడు ప్రశ్నలు వేసుకోండి. నాలుక పక్కల నీళ్లూరాయా? అది పులుపు. మింగాక గొంతులో చేదు నిలిచిందా, ఉసిరికాయ తిన్నాక నీళ్లు తాగినట్టు తీపి మిగిలిందా? నోట్లో నీళ్లలా ఉందా, మజ్జిగలా చిక్కగా ఉందా? విదేశీ పళ్ల పేర్లు రాకపోతే దిగులొద్దు. తాటిబెల్లం, చింతపండు, వేయించిన శనగపప్పు.. మన నోటికి తెలిసిన పేరే సరైన పేరు.

మీకేది నప్పుతుంది?

బ్లాక్ కాఫీ కొత్తగా మొదలుపెడుతున్నారా? మీడియం రోస్ట్, వాష్డ్ అరబికా తీసుకోండి. పళ్ల వాసనలు ఇష్టమైతే ఆ తర్వాత నేచురల్ వైపు వెళ్లండి. పాలు, పంచదార లేందే ముద్ద దిగదంటారా? తప్పేం లేదు. అప్పుడు మీడియం నుంచి డార్క్, కావాలంటే కొంచెం రోబస్టా కలిపింది బాగుంటుంది. ఖరీదైన లైట్ రోస్ట్‌లో పాలు పోస్తే పాలే గెలుస్తాయి, డబ్బు దండగ.

ఫిల్టర్ కాఫీ ప్రియులు ప్యాకెట్ వెనక చూడాల్సింది చికోరీ శాతం. చికోరీ అంటే వేయించిన ఒక దుంప. రంగు, చిక్కదనం ఇస్తుంది కానీ అందులో కెఫీన్ ఉండదు. మన నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. అంటే మిగతా 49 శాతం దాకా చికోరీయే ఉండొచ్చు! ఇష్టంగా తాగితే సరే, తెలీకుండా తాగకండి.

ప్యాకెట్ మీద ఇంకో నాలుగు చూడండి: ఏ ప్రాంతం, అరబికానా రోబస్టానా, వాష్డా నేచురలా, ఏ తేదీన వేయించారు. వేయించిన నెలా నెలన్నరలోపే మంచి రుచి. వీలైతే గింజలు కొని, తాగే ముందు పొడి చేసుకోండి.

పారిస్ దాకా వెళ్లింది, పక్కింటికి?

అరకు కాఫీకి పేరు తక్కువేం కాదు. 2017లో పారిస్‌లో ‘అరకు’ పేరుతోనే దుకాణం తెరిచారు. నాంది ఫౌండేషన్ ఇక్కడి గిరిజన రైతులతో ఏళ్ల తరబడి చేసిన పని ఫలితం అది. 2019లో అరకు లోయ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2024 జూన్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లోనూ ఈ కాఫీ ప్రస్తావన వచ్చింది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, రైతుల దగ్గర కొని సొంత బ్రాండ్‌తో అమ్ముతోంది. దాని ప్రధాన కార్యాలయం ఉన్నది వైజాగ్‌లోనే.

ఇంత పేరున్నా రైతుకి ప్రతి ఏడూ గండమే. పూత వాన తప్పితే పంట లేదు. 2025లో కాయ తొలిచే పురుగు అరకు తోటల్లో కనిపించి గుండెలు అదిరేలా చేసింది. ఇన్ని దాటుకుని వచ్చిన ఎర్రటి పండుకీ, పచ్చికాయ కలిపిన బుట్టకీ ఒకటే ధర అయితే ఏరే చెయ్యి ఎన్నాళ్లు ఏరుతుంది? తాగేవాడికి తేడా తెలిస్తేనే కొనేవాడు తేడా చూస్తాడు. అప్పుడే ఆ తేడాకి డబ్బులు పైకి, కొండ మీదికి వెళ్తాయి. నాలుకకి రుచి నేర్పడం ఫ్యాషన్ అనుకునేవాణ్ని. ఎవరి కూలి లెక్కో అందులో ఉందని తోటలోనే అర్థమైంది.

తిరిగొచ్చిన మర్నాడు మళ్లీ అదే కేఫ్, అదే టేబుల్, అదే ఫ్రెండ్. ఈసారి కార్డు తిప్పకుండానే అడిగా: ‘‘అన్నా, ఈ అరకు వాష్డేనా? ఏ తేదీన రోస్ట్ చేశారు?’’

కౌంటర్లో కుర్రాడు ఒక్క క్షణం ఆగి, ‘‘చూసి చెప్తా సార్’’ అంటూ లోపలికి వెళ్లి ప్యాకెట్ పట్టుకొచ్చాడు. తేదీ చూశాం. రెండు వారాలే అయింది.

పాలు లేకుండా రెండు కప్పులు వచ్చాయి. మా వాడు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. రెండో గుక్క తాగాడు. ఆగాడు. ‘‘రేయ్.. నిజంగానే నారింజ తొక్క వాసనొస్తోందిరా!’’

‘‘రసం కలపలేదు’’ అన్నా. ‘‘ఎర్రవి ఏరారు. అంతే.’’