శూన్యమాసంలో ఇంటి బేరం

పుష్యమాసంలో ఇల్లు కొనేవాళ్ళు మా అమ్మ దృష్టిలో రెండు రకాలు: శాస్త్రం తెలియనివాళ్ళు, తెలిసీ లక్ష్యపెట్టనివాళ్ళు. 2022 డిసెంబరులో ఏలూరులో ఇంటి కోసం తిరిగిన నేను ఏ కోవకు చెందుతానో ఆవిడ ఇప్పటికీ తేల్చలేదు.

నా లెక్క నాది. ధనుర్మాసంతో గృహప్రవేశాలు ఆగుతాయి. కొనేవాళ్ళు మాఘం కోసం ఎదురుచూస్తారు. అమ్మేవాడి అవసరం మాత్రం ముహూర్తం చూసుకొని రాదు. ఆ ఏప్రిల్‌లో ఏలూరు పేరిట కొత్త జిల్లా ఏర్పడిందని ధర పెంచి చెప్పిన మధ్యవర్తులే, డిసెంబరులో తామే ఫోను చేసి "ఏమాలోచించారండీ?" అని అడగసాగారు. తన పుట్టిల్లు తాడేపల్లిగూడెంలోనే కొందామని మా ఆవిడ పట్టు. కొల్లేటికి దూరంగా ఉంటామని ఆమె చెప్పిన కారణాన్ని అప్పుడు నేను పుట్టింటి మీది మమకారంగానే తీసుకున్నాను.

నిజానికి మా ప్రాంతంలో శీతకాలం కొనేవాడికి మేలూ చేస్తుంది, మోసమూ చేస్తుంది. నేల పొడిగా ఉంటుంది, గోడలు తెల్లగా ఉంటాయి, కాలువగట్టు మీద మంచు అందంగా ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీరంతా కొల్లేటికే చేరాలి. అక్కడినుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ సంగతి పుష్యమాసపు ఎండలో ఎవరికి గుర్తుంటుంది? కొల్లేటి వైపు స్థలం చవకగా వస్తోందంటే ముందు అడగవలసింది ఐదో కాంటూరు సంగతి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన పరిధి అది. మాకూ అలాంటి స్థలమొకటి చూపించారు. కాగితాలు అడిగేసరికి మధ్యవర్తి మాట మార్చాడు.

చివరికి తమ్మిలేరుకు కాస్త దగ్గరలో ఒక పాత డాబా నచ్చింది. యజమాని విశ్రాంత ఉద్యోగి. భార్య వైద్యానికి డబ్బు కావాలని మధ్యవర్తి నా చెవిలో వేశాడు. "ఇంకో రెండు లక్షలు తగ్గించినా కాదనలేరండీ" అన్నాడు. ఆ మాటకు నాలో కలిగిన సంతోషాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

బేరానికి కూర్చునే ముందు యథాలాపంగా అడిగాను: "2020 అక్టోబరులో తమ్మిలేరు పొంగినప్పుడు నీళ్ళెంతవరకు వచ్చాయండీ?"

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, గదిలోని బీరువాను ఒక పక్కకు జరిపారు. వెనక గోడమీద, మోకాలెత్తున, గోధుమరంగు గీత. "మిగతా గోడలన్నిటికీ సున్నం వేయించాను బాబూ. ఇది మాత్రం ఉంచాను. అడిగినవాళ్ళకు చూపిద్దామని."

"అడగనివాళ్ళకో?" అన్నాను.

"ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నారాయన, బీరువా మీద చేయి ఆనించి.

ఆ రోజు బేరం ఆడలేదు. మర్నాడు తాపీమేస్త్రీని తీసుకువెళ్ళి, నేల ఎత్తు చేయడానికి, కింది ప్లాస్టరు కొట్టి మళ్ళీ వేయడానికి ఎంతవుతుందో లెక్క కట్టించాను. ఆ మొత్తం తగ్గించమన్నాను, అంతకు మించి అడగలేదు. మధ్యవర్తి నన్ను జాలిగా చూశాడు. ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

మా అమ్మ షరతు ఒక్కటే: పుష్యంలో బయానా ఇవ్వరాదు. మాట మాత్రం అనుకున్నాం. ఆ వ్యవధి వృథా కాలేదు. ఈసీ తీయించాను, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించాను, ఇరుగుపొరుగును కాలువ సంగతి అడిగాను. రిజిస్ట్రేషను మాఘంలో జరిగింది. వెదకడానికి పుష్యం, సంతకానికి మాఘం మంచివని ఇప్పుడు నేనూ అంటున్నాను. శాస్త్రం సంగతి అటుంచితే, ఈ ఒక్క విషయంలో అమ్మకూ నాకూ రాజీ కుదిరింది.

ఇల్లంతా రంగులు వేయించాం. బీరువా వెనక గోడ దగ్గర మేస్త్రీ ఆగి నావైపు చూశాడు. దాన్ని అలాగే వదిలేయమన్నాను. ఎప్పుడైనా మేమూ అమ్మవలసి రావచ్చు.