ఎవరి లెక్కలో ఎవరు

మాది తెనాలి. 2008 దాకా మా ఊరి పేరుతోనే ఒక లోక్‌సభ నియోజకవర్గం ఉండేది. 2009లో నేను మొదటిసారి ఓటేసేనాటికి అది లేదు, మమ్మల్ని గుంటూరులో కలిపేశారు. బొబ్బిలి, మిర్యాలగూడ, హనుమకొండ, సిద్దిపేట పేర్లు కూడా అప్పుడే పోయాయి. హైదరాబాదు చుట్టూ జనం పెరిగారు కాబట్టి కొత్తగా మల్కాజ్‌గిరి, చేవెళ్ళ వచ్చాయి.

హద్దులు మారాయి గానీ, రాష్ట్రం మొత్తానికి 42 సీట్లు అలాగే ఉన్నాయి. రాష్ట్రాల వాటాని 1976లో 42వ సవరణ 1971 జనాభా లెక్కల దగ్గర ఆపేసింది. 84వ సవరణ ఆ గడువుని 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. అందుకే ఇప్పుడీ గోల.

నేనుండే జెర్సీ సిటీలో ఇది పదేళ్ళకోసారి మామూలే. అమెరికా ప్రతినిధుల సభలో సీట్లు 435. ఒక రాష్ట్రానికి పెరగాలంటే ఇంకోదానికి తగ్గాల్సిందే. న్యూజెర్సీకి 1970ల్లో 15 ఉండేవి, ఇప్పుడు 12. 2020లో న్యూయార్క్ 89 మంది తక్కువై ఒక సీటు పోగొట్టుకుంది. ఈ లెక్కలో పౌరులనీ, వీసా వాళ్ళనీ తేడా లేదు. 2020లో మా సిటీలో తేలిన 2,92,449 మందిలో నేనూ ఒకణ్ణి. ఓటు మాత్రం లేదు.

తెనాలిలో దీనికి తిరకాసు. ప్రవాస ఓటరుగా నమోదై, విమానమెక్కి వెళ్తే ఓటేయొచ్చు. జనాభా లెక్కల్లో మాత్రం నేనుండను.

"చెప్పిన మాట విన్నందుకా మనకీ శిక్ష?" అంటారు నాన్న. ఇద్దరు చాలని ప్రభుత్వం గోడల మీద రాయిస్తే విన్న తరం ఆయనది. ఆ కోపం న్యాయమే. కానీ బీహార్‌లో నా వయసువాడు "నా ఓటు మీ ఓటు కంటే ఎందుకు పలచన?" అని అడిగితే, అదీ న్యాయమే. నా దగ్గర జవాబు లేదు.

ఒకటి మాత్రం నాన్నతో ఎప్పుడూ అనలేదు. మన లెక్క తగ్గేది పుట్టని పిల్లల వల్లే కాదు, వెళ్ళిపోయిన పిల్లల వల్ల కూడా. అంకెల్లో మేం పెద్ద ఎక్కువ కాకపోవచ్చు. కానీ మా ఇంటి వరకు చూస్తే, చెల్లి బెంగుళూరులో కర్ణాటక లెక్క, నేను న్యూజెర్సీ లెక్క. ఈసారి ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు, నలుగురి కోసం కట్టిన ఇంట్లో రెండు పేర్లు రాసుకుని వెళ్తారు.