ఎండలో మిర్చి... సీసాలో హైడ్రోజన్!

మార్చిలో గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలెక్కి కిటికీలోంచి చూడండి. నరసరావుపేట చుట్టుపక్కల కళ్లాల నిండా ఎర్రటి తివాచీ పరిచినట్టు మిరపకాయలు... పక్క చేలలో ఏరడం అయిపోయిన పత్తి కట్టె. ఆసియాలోనే పెద్దదని పేరున్న గుంటూరు మిర్చియార్డుకు చేరే సరుకును ఆరబెట్టేది ఈ ఎండే. కూలి అడగని పనివాడు!

వినుకొండ దాటాక సాగర్ కాలువ పచ్చదనం పలచబడుతుంది. మార్కాపురం వైపు చాలాచోట్ల బోర్లే దిక్కు. కంభం దగ్గర గుండ్లకమ్మ మీద విజయనగర రాజుల కాలంనాటి పెద్ద చెరువు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ ఎండకు కొదవ లేదు. కరవల్లా నీటికే.

ఆ ఎండతోనే నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయగలిగితే? నంద్యాలలో రైలు మారి ఎర్రగుంట్ల మీదుగా కడప చేరితే, ఆ పనిలో ఉన్నవాళ్లు కనిపిస్తారు. 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఇందుకోసం ఓ ప్రయోగశాలే ఉంది. వాళ్ల ముడిసరుకు టైటానియం డయాక్సైడ్... గోడలకు వేసే తెల్ల రంగులో ఉండేదే. దాన్ని వెంట్రుక మందంలో కొన్ని వేల వంతు ఉండే గొట్టాలుగా మలచి, పైన రాగి లాంటి లోహాన్ని అద్దుతారు. ఆ పొడిని నీళ్లలో కలిపి ఎండలో పెడితే వెలుగు తగిలి ఎలక్ట్రాన్లు కదులుతాయి. గొట్టం గోడ పలచన కాబట్టి మధ్యలో చిక్కుకోకుండా పైకి చేరి, నీటి నుంచి హైడ్రోజన్‌ను విడదీస్తాయి.

దానికీ మిరప చేనుకీ ఏమిటి సంబంధం? ఎరువు! యూరియాకు కావాల్సిన హైడ్రోజన్‌ను ఇప్పుడు ఎక్కువగా సహజవాయువు నుంచే తీస్తున్నారు. నీటి నుంచి తీస్తే, లెక్క ప్రకారం 45 కిలోల యూరియా బస్తాకు దాదాపు 40 లీటర్ల నీరు చాలు. అంటే రెండు పెద్ద బిందెలు!

అయితే చిక్కులున్నాయి. ఈ తెల్ల పొడి పట్టుకునేది అతినీలలోహిత కిరణాలనే. అవి ఎండలో నూటికి నాలుగైదు వంతులే. ప్రయోగాల్లో పని సులువు కావడానికి నీళ్లలో గ్లిజరాల్ కలుపుతుంటారు. 2010లో హైదరాబాద్ ఐఐసీటీ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగమూ అలాంటిదే. ఉత్త నీటితో పని మరీ కష్టం. 2021లో టోక్యో శాస్త్రవేత్తలు వేరే పదార్థంతో 100 చదరపు మీటర్ల పలకలు పరిచి ప్రయత్నిస్తే, ఎండలోని శక్తిలో హైడ్రోజన్‌గా మారింది గరిష్ఠంగా 0.76 శాతం. నూరు రూపాయల ఎండ పోస్తే డెబ్బై ఆరు పైసలు చేతికొచ్చినట్టు!

వెలుగుతో నీటిని విడగొట్టవచ్చని జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా 1972లో ప్రపంచానికి చాటారు. కళ్లంలో కాయ ఆరడానికి రెండు వారాల ఎండ చాలు. అదే ఎండకు ఈ కొత్త పని నేర్పడం మాత్రం అర్ధ శతాబ్దం దాటినా ఇంకా పూర్తికాలేదు.