ముఖం తెలియని గొంతు

మన సినిమా పాటకు ముఖం కథానాయకుడిది, గొంతు మరొకరిది. ఘంటసాలకైనా బాలసుబ్రహ్మణ్యానికైనా ఆ నియమం తప్పలేదు గానీ, వారి ముఖాలు మనకు ఇంటి పెద్దల ముఖాలంత పరిచితం. కేకే సంగతి వేరు. హైదరాబాదులో కేకే అంటే చాలామందికి ముందుగా ఒక సీనియర్ రాజకీయ నాయకుడు గుర్తుకొస్తాడు. నేను చెప్పబోయేది కృష్ణకుమార్ కున్నత్ గురించి. 1968లో ఢిల్లీలో ఒక మలయాళీ కుటుంబంలో పుట్టి, 2022 మే 31 రాత్రి కోల్‌కతాలో కచేరీ ముగించిన కొద్దిసేపటికే కన్నుమూసిన గాయకుడి గురించి.

2004 నాటి మాదాపూర్ చూసినవారికి ఈ మాట తేలికగా అర్థమవుతుంది. సైబర్ టవర్స్ కట్టి అప్పటికి ఆరేళ్ళు. దాని చుట్టూ ఇంకా బండరాళ్ళే ఎక్కువ, అద్దాల మేడలు తక్కువ. అమీర్‌పేటలో కోర్సులు ముగించుకుని, ఇరుకు గదుల్లో నలుగురైదుగురం సర్దుకుని, రాత్రి షిఫ్టులకు కంపెనీ క్యాబుల్లో వెళ్ళే రోజులు. ఆ క్యాబుల్లో, ఆ ఒక్క సంవత్సరంలో, మూడు పాటలు విడవకుండా మోగాయి: 'ఆర్య'లో 'ఫీల్ మై లవ్', 'ఘర్షణ'లో 'చెలియ చెలియ', 'నా ఆటోగ్రాఫ్'లో 'గుర్తుకొస్తున్నాయి'. సంగీతం సమకూర్చినవారు ముగ్గురు, దేవిశ్రీప్రసాద్, హారిస్ జయరాజ్, కీరవాణి. తెరపై కనిపించిన కథానాయకులూ ముగ్గురే. పాడినవాడు మాత్రం ఒక్కడు. మొదటిదానిలో అల్లరి, రెండోదానిలో ఆర్తి, మూడోదానిలో ఊరి జ్ఞాపకాల తడి. ఊరు విడిచి వచ్చిన కుర్రవాడి మనసులో ఆ మూడూ ఒకేసారి ఉంటాయి. బహుశా అందుకే ఆ గొంతు మాలో ఒకడి గొంతులా వినిపించింది. తెలుగు అతని మాతృభాష కాదన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు.

అతని జీవితం గురించి తరువాత చదివినప్పుడు ఆ దగ్గరితనానికి మరో కారణం దొరికింది. కామర్స్ పట్టా పుచ్చుకుని, అందరిలాగే ఒక ఉద్యోగంలో చేరాడు. హోటళ్ళ రంగంలో మార్కెటింగ్ పని. కొద్ది నెలలకే దాన్ని వదిలేశాడు. 1994లో ముంబై చేరి ప్రకటనలకు జింగిల్స్ పాడుతూ నిలదొక్కుకున్నాడు. శాస్త్రీయంగా సంగీతం నేర్చుకున్నవాడు కాడు. 1996లో రెహమాన్ 'కాదల్ దేశం'లో పాడించాడు. అదే మనకు 'ప్రేమదేశం'గా వచ్చింది. 1999లో హిందీలో 'తడప్ తడప్'తో పేరు స్థిరపడింది. సి++ పుస్తకాల నడుమ గిటారు దాచుకున్న మిత్రులు మాలో ఇద్దరు ముగ్గురు ఉండేవారు. వారు రాజీనామా లేఖ ఎన్నోసార్లు రాసి, ఎన్నడూ పంపలేదు. ఇంటి దగ్గర అప్పులున్నాయి, పెళ్ళి కావలసిన చెల్లెళ్ళున్నారు. తాము పంపలేని ఆ లేఖను పంపినవాడొకడు ఉన్నాడని తెలియడం వారికి ఎంత ఊరటో నేను కళ్ళారా చూశాను.

1999లోనే వచ్చిన 'పల్' అతని సొంత ఆల్బమ్. స్వరకర్త లెస్లీ లూయిస్, రచన మెహబూబ్. అందులోని పేరు పాట, 'యారోఁ' అనే మరో పాట కళాశాలల వీడ్కోలు సభలకు ఆస్థాన గీతాలయ్యాయి. మా కార్యాలయాల్లోనూ అంతే. 2008 మాంద్యం తరువాత కొన్నాళ్ళు మా అంతస్తులో కుర్చీలు వారానికొకటి చొప్పున ఖాళీ అయ్యాయి. గుర్తింపు కార్డు అప్పగించి, కేకు కోసి, ఫొటో దిగాక ఎవరో ఒకరు 'యారోఁ' అందుకునేవారు. హిందీ సరిగా రాని కర్నూలు మిత్రుడు కూడా అందులో ఒక్క పదం తప్పేవాడు కాదు.

ఆ గొంతుకు ముఖం ఉందని నేను తెలుసుకున్నది ఆ దశాబ్దం చివర్లో, ఒక ఇంజనీరింగ్ కళాశాల ఉత్సవంలో. వేదికకు చాలా దూరంగా, సైకిల్ స్టాండు దగ్గర నిలబడ్డాం. మాట తక్కువ, పాట ఎక్కువ. సినిమా పాటే అయినా వెనుక డ్రమ్స్, గిటార్ల హోరు రాక్ కచేరీదే. కళాశాల రోజుల్లో రాక్ బృందంలో పాడినవాడన్నది ఊరికే చెప్పే మాట కాదనిపించింది. రికార్డులో మెత్తగా సాగిన చోట్లు అక్కడ గరుకుగా, ఎగిరెగిరి వచ్చాయి. పల్లవి జనం చేతికి వదిలేసినప్పుడు వేలమంది ఒకే శ్రుతిలో లేరు, ఒకే భాషవారు కూడా కారు. అయినా పాట చెడలేదు. అర్ధరాత్రి దాటాక మోటారు సైకిళ్ళ మీద గచ్చిబౌలి వైపు తిరిగి వస్తుంటే మా గొంతులన్నీ బొంగురుపోయి ఉన్నాయి.

రాక్ సంగీతకారుడి మరణం అనగానే మత్తు, మితిమీరిన జీవితం స్ఫురించడం లోకానికి అలవాటు. ఇతను మద్యం ముట్టనివాడు, ప్రచారానికి దూరంగా మసలినవాడు. ఎంత ఇస్తామన్నా పెళ్ళిళ్ళలో పాడనన్నవాడు. ఆ రాత్రి నజ్రుల్ మంచ్‌లో జరిగిందీ ఒక కళాశాల ఉత్సవమే. మందిరం పట్టనంత జనం వచ్చారన్న వార్తలు, ఉక్కపోత గురించిన వాదోపవాదాలు తరువాత చాలాకాలం నడిచాయి. గుండె రక్తనాళాల్లో అడ్డంకులున్నాయని పోస్ట్‌మార్టం తెలిపింది. తువ్వాలుతో చెమట తుడుచుకుంటున్న అతని దృశ్యాలు తెల్లవారేసరికి అందరి ఫోన్లలోకీ చేరాయి. నేను ఒక్కటే చూసి ఆపేశాను. అలసిన మనిషి పాట ఆపకపోవడాన్ని మనం అంకితభావం అంటాం, చప్పట్లు కొడతాం. కాసేపు కూర్చోమని చెప్పడం మాత్రం ప్రేక్షకులమైన మనకెవరూ నేర్పలేదు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. వేదిక ముందు నిలబడే అభిమానికి ఆ బాధ్యత కూడా ఉందేమోనని నా ఆలోచన.

ఆ రాత్రి డాలస్ నుంచి, బెంగుళూరు నుంచి పాత గది మిత్రుల సందేశాలు వచ్చాయి. ఏళ్ళ తరబడి మాటల్లేని మనుషులు. ఎవరూ అతని ఫొటో పంపలేదు. అందరూ పాటలే పంపారు.

రికార్డులు ఎక్కడికీ పోవు. 'ఆర్య-2'లోని 'ఉప్పెనంత' ఈ పూట కూడా ఎక్కడో మోగుతూనే ఉంటుంది. పోయింది కచేరీ. పల్లవి మన చేతికిచ్చి నిలబడే ఆ మనిషి. మాదాపూర్, గచ్చిబౌలి కెఫేల్లో వారాంతాల్లో పాడే కుర్ర బృందాలు ఇప్పటికీ అతని పాటలు ఎత్తుకుంటాయి. వింటున్నవారిలో 2004 తరువాత పుట్టినవారే ఎక్కువ. గాయకుడు ఊపిరి తీసుకునేలోపే బల్లల దగ్గరినుంచి పల్లవి వచ్చేస్తుంది. ఆ పిల్లల్లో చాలామందికి అతని ముఖం తెలియకపోవచ్చు. మాకూ అప్పట్లో తెలియదు.