పెట్టె కట్టడమూ రిపేరే

తమిళనాడులో కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు మా తెలుగు ఇళ్లలో వాల్వు రేడియోలు ఇంకా కనిపిస్తాయి. మర్ఫీ, ఫిలిప్స్, బుష్, హెచ్.ఎం.వి. తిరునెల్వేలిలో ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. అంతకుముందూ, ఆ తర్వాతా కూడా ఈ నల్లరేగడి పల్లెల్లో సాయంత్రాలు సముద్రం అవతలి రేడియో సిలోన్‌వే. పిల్లలు చెన్నైకో, నాలాగా అమెరికాకో వెళ్లిపోయాక ఆ రేడియోలు అటకెక్కాయి. ఊరికి వచ్చినప్పుడల్లా కొన్నిటిని బాగు చేయించి, ప్రేమగా చూసుకునేవాళ్లకు అమ్ముతుంటాను. కొనేవాళ్లు హైదరాబాదులో ఉంటారు, విజయవాడలో ఉంటారు, న్యూజెర్సీలోనూ ఉంటారు. ఇన్నాళ్లలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది: రేడియో పాడటంతో రిపేరు పూర్తవదు. కొన్నవాళ్లింట్లో కూడా పాడితేనే పూర్తయినట్టు.

దారిలో రేడియోకి మొదటి శత్రువు దాని సొంత బరువే. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అంతా ఇనుము, రాగి. పెట్టె కింద పడితే అట్ట నేల మీద ఆగుతుంది, లోపలి ఇనుము మాత్రం ముందుకే పోతుంది. పల్చటి చాసిస్‌ని వంచేస్తుంది, బేకలైట్ క్యాబినెట్‌ని పగలగొడుతుంది. అందుకని మొదట సెట్టును బోర్లించి చాసిస్ బోల్టులు, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు బిగించాలి. ట్రాన్స్‌ఫార్మర్ మరీ బరువుగా ఉంటే వైర్లకు చీటీలు కట్టి, ఊడదీసి వేరే పెట్టెలో పంపడం మేలు. చాసిస్‌కీ క్యాబినెట్‌కీ మధ్య ఖాళీలో ఫోమ్ ముక్కలు కోసి బిగించాలి.

వాల్వులన్నీ తీసేయాలి. తీసేముందు ఏ సాకెట్‌లో ఏది ఉందో ఫొటో తీసి, కాగితం మీద బొమ్మ కూడా గీయాలి. గాజు మీది అక్షరాలు తడివేలు తగిలినా చెరిగిపోతాయి. అందుకే ఒక్కోదాన్నీ ముందు మెత్తటి కాగితంలో, ఆ పైన బబుల్ ర్యాప్‌లో చుట్టి, చీటీ అంటించి, చిన్న గట్టి పెట్టెలో సర్దాలి. హామ్ రేడియోవాళ్ల ట్రాన్స్‌మిటర్లలో ఉండే పెద్ద వాల్వులనైతే పడుకోబెట్టకుండా నిలువుగా ఉంచాలి.

స్టేషన్లు మార్చే గ్యాంగు కండెన్సర్‌ని పూర్తిగా మూసేయాలి. రేకులు ఒకదానిలో ఒకటి దూరి ఉంటే వంగవు. డయల్ అద్దానికి వెనకవైపు టేపు అంటించకూడదు. స్టేషన్ల పేర్లు ఆ వైపే ముద్రించి ఉంటాయి, టేపుతో పాటు అవీ లేచి వచ్చేస్తాయి. నాబులు తీసి సంచిలో వేయాలి. బయటికి పొడుచుకొచ్చిన ఇరుసుల చుట్టూ మందపాటి ఫోమ్ పెట్టాలి, లేకపోతే దెబ్బంతా ఇరుసు మీద పడి వాల్యూమ్ కంట్రోల్ లోపలికి దిగబడిపోతుంది. స్పీకర్ గుడ్డ ముందు అట్టముక్క కట్టాలి. పాలిష్ చేసిన చెక్కకు ప్లాస్టిక్ నేరుగా తగిలితే అచ్చులు పడతాయి, కాబట్టి ముందు ఉతికిన పాత పంచె చుట్టాలి.

తర్వాత పెట్టెలో పెట్టె. లోపలి పెట్టెకూ బయటి పెట్టెకూ మధ్య అన్ని వైపులా, అడుగునా పైనా కూడా, 5 నుంచి 7 సెంటీమీటర్ల గట్టి ఫోమ్ ఉండాలి. విడి థర్మోకోల్ పూసలు వద్దు. బరువు కిందికి దిగుతుంటే అవి పక్కలకు తప్పుకుంటాయి, చివరికి సెట్టు అడుగు అట్టకు తగులుతుంది. పెట్టె మూశాక ఊపి చూడండి. చిన్న కదలిక వినిపించినా మళ్లీ విప్పాల్సిందే.

ఈ మెళకువ మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1920ల నుంచి శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలతోనే బతుకుతున్నాయి. రాపిడి తగిలితే మండే సరుకును ఏ పెట్టే కదలకుండా బిగించి కట్టి దేశమంతా పంపుతున్నారు. ఇక్కడ ఏడు పొరల అట్టపెట్టెలు, వాటిని కట్టడం తెలిసిన చేతులు సులువుగా దొరుకుతాయి. అయితే ఒక జాగ్రత్త ఉంది. అగ్గిపుల్లల కంపెనీ ముద్ర ఉన్న పాత పెట్టె వాడితే విమానంలో వెళ్లే పార్శిలుని ఆపేస్తారు. ఏ ముద్రా లేని కొత్త పెట్టె కొనడమే మంచిది.

పెట్టెలో ఒక ఉత్తరం తప్పకుండా పెడతాను. వాల్వుల బొమ్మ, విప్పే వరుస, వోల్టేజి వివరం అందులో రాస్తాను. మన దగ్గర 230 వోల్టులు, అమెరికాలో 120. వెనక వోల్టేజి మార్చే ప్లగ్ ఉంటే ఎక్కడ పెట్టాలో గుర్తు పెడతాను. అమెరికా సెట్టును ఊరికి తెచ్చుకునేవాళ్లు ఇంకోటి గమనించాలి: 60 హెర్ట్జ్‌కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద ఎక్కువ వేడెక్కుతుంది, వోల్టేజి తగ్గించినంత మాత్రాన సరిపోదు. సెట్టు అందగానే ప్లగ్ పెట్టేయొద్దని కూడా రాస్తాను. ముందు వాల్వుల పైభాగంలో వెండిలా మెరిసే పూత చూడాలి. అది తెల్లబడిందంటే లోపలికి గాలి చొరబడినట్టే. ఆ తర్వాత వంద వాట్ల తీగ బల్బును వరుసలో కలిపి మొదటిసారి కరెంటు ఇవ్వాలి. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, సెట్టు కాలిపోకుండా ఉంటుంది.

ఇంత శ్రమ ఎందుకని ఊళ్లో అడుగుతారు. పగిలినదానికి బదులు దొరకడం కష్టం కాబట్టి. గిటార్ యాంప్లిఫయర్ల పుణ్యమా అని ఇఎల్ 84 వాల్వు స్లొవేకియాలో, రష్యాలో ఇప్పటికీ తయారవుతోంది. ఇసిహెచ్ 81 కావాలంటే పాత నిల్వలు వెతుక్కోవాల్సిందే. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు చేసిన రేడియో వాల్వులదీ అదే సంగతి. డయల్ అద్దం సంగతి సరేసరి, అది పగిలితే అలాంటిదే ఇంకో సెట్టును విప్పాలి. పగిలిన పార్శిలుకు బీమా డబ్బు ఇస్తుంది కానీ రేడియోని తిరిగి ఇవ్వదు.

అందుకే అమ్మేవాళ్లకు నేను చెప్పేది ఇదే. పెట్టె కట్టడానికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. ఫోముకీ అట్టకీ అయ్యే ఖర్చును ధరలో విడిగా చూపించి, ఎందుకో వివరంగా చెప్పండి. రేడియో మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు ఆ ఖర్చుకు వెనకాడరు.