పెరటి పొరుగువాళ్లు

మీ ఇంటి చుట్టూ ఎన్ని రకాల ప్రాణులు ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? కుక్క, పిల్లి, కోడి, ఆవు అని మొదలుపెడతారు. కాకి, ఉడుత, బల్లి కూడా వెంటనే గుర్తుకు వస్తాయి. మరి ఆ ఉడుత పామును చూస్తే ఏం చేస్తుంది? పిట్టల గుంపుకు ముంగిస ఎదురైతే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే పుస్తకం తెరవడానికి ముందు కాసేపు పెరట్లో కూర్చోవాలి. నేను అలా కూర్చుని చూసిన కొన్ని సంగతులు మీకు చెబుతాను. చదువుతున్నంతసేపూ ఒక్క మాట మనసులో ఉంచుకోండి. కంటికి కనిపించింది ఒకటి. దాన్ని చూసి మనం అనుకున్నది మరొకటి. రెండూ ఎప్పుడూ ఒకటే కానక్కరలేదు.

మా అక్క ఇల్లు భిలాయిలో, వైశాలి నగర్‌లో ఉంది. భిలాయి అనగానే మీకు ఉక్కు కర్మాగారం గుర్తుకు రావచ్చు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల ఆ కర్మాగారం వచ్చింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు వెళ్లి అక్కడే స్థిరపడ్డాయి. వాళ్లు వెళ్లినప్పుడు ఆ ఊరు మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. మా బావగారు ప్లాంటులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఇంటి వెనక చిన్న పెరడు. ఒక జామచెట్టు, ఒక మునగచెట్టు, కరివేపాకు, నాలుగు మందార మొక్కలు. గోడ అవతల రాళ్లూ ముళ్లపొదలూ ఉన్న ఖాళీ స్థలం. ఎండాకాలంలో బావగారు మట్టి మూకుడులో నీళ్లు పోసి జామచెట్టు నీడలో పెడతారు. ఉక్కు ఊళ్లో అడవి జంతువులేమిటి అని మీరు అడగవచ్చు. అడవి ప్రాణులన్నీ అడవిలోనే ఉండవు. తిండి, నీళ్లు, దాక్కోవడానికి చోటు దొరికితే చాలు, మన గోడ పక్కకు కూడా వస్తాయి.

ఆ పెరట్లో రోజూ పొద్దున్నే ఆరేడు మట్టిరంగు పిట్టలు గుంపుగా దిగుతాయి. ఎండుటాకులు తిరగేస్తూ, ఒకటే గోలగా అరుచుకుంటూ పురుగులు ఏరుకుంటాయి. ఎప్పుడూ గుంపుగానే తిరుగుతాయి కాబట్టి అక్కడివాళ్లు వాటిని ‘సాత్ భాయీ’, అంటే ఏడుగురు అన్నదమ్ములు, అంటారు. వాటి మధ్యలోనే ఒక ఉడుత తిరుగుతుంది. మొదట వాటికీ దానికీ స్నేహం అనుకున్నాను. నాలుగు రోజులు చూశాక మరో సంగతి తెలిసింది. పిట్టల్లో ఒకటి గట్టిగా కీచుమంటే ఉడుత తింటున్నది వదిలి చెట్టెక్కుతోంది. ఉడుత తోక ఎగరేస్తూ కిచకిచలాడితే పిట్టలు తలలెత్తి చూస్తున్నాయి. పిల్లి వస్తున్నట్టు ఎవరికి ముందు తెలిస్తే వాళ్ల అరుపు మిగతావాళ్లకూ పనికివస్తోంది. స్నేహమో కాదో నేను చెప్పలేను. ఒకరి అరుపు ఒకరు వింటున్నారని మాత్రం చెప్పగలను.

అన్నట్టు, ఉడుత వీపు మీద చారలు ఎన్ని ఉంటాయి? రాముడు మూడు వేళ్లతో నిమిరాడు కాబట్టి మూడు అని మనం చిన్నప్పటి నుంచి విన్నాం. దక్షిణాదిలో ఎక్కువగా కనిపించేది మూడు చారల ఉడుతే. ఉత్తరాదికి వెళ్తే ఐదు చారల ఉడుత కనిపిస్తుంది. అవి రెండు వేరువేరు జాతులు. మీ ఊరి ఉడుతకు ఎన్ని ఉన్నాయో చదవడం ఆపి ఒకసారి చూసి రండి.

సాత్ భాయీల గుంపులో మరో విచిత్రం ఉంది. ఒక వేసవిలో రెండు పిట్టలు కలిసి తమకన్నా పెద్దదిగా ఉన్న ఒక పిల్లకు పురుగులు తినిపించడం చూశాను. ఆ పిల్ల రంగు వేరు, ఒంటి మీద గీతలు వేరు. అది కోకిల జాతికి చెందిన పక్షి పిల్ల. హిందీలో పపీహా అనే ఆ పక్షి సొంతంగా గూడు కట్టదు. సాత్ భాయీల గూట్లో గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టడం లాంటిదే ఇది. పెద్ద పపీహా ఒళ్లూ, ఎగిరే తీరూ డేగను పోలి ఉంటాయి. అది చెట్టు మీదికి వస్తే చిన్న పిట్టలు డేగే వచ్చిందని బెదిరిపోతాయి. అయితే గూట్లో నోరు తెరిచి అరిచే పిల్లను మాత్రం ఆకలితో ఉన్న తమ బిడ్డగానే చూస్తాయి.

బలం సంగతిలో కూడా మన అంచనాలు తప్పుతాయి. పొడవైన చీలిక తోకతో నల్లగా నిగనిగలాడే ఏట్రింతను మీరు కరెంటు తీగల మీద చూసే ఉంటారు. కొన్ని ఊళ్లలో దాన్ని పసులపోలిగాడు అంటారు. కాకిలో సగం బరువు కూడా ఉండదు. కానీ తన గూటి దగ్గరికి వచ్చిన కాకిని, చివరికి గద్దను కూడా, వీపు మీద పొడుస్తూ వీధి చివరిదాకా తరుముతుంది. అందుకే హిందీలో దానికి ‘కొత్వాల్’ అని పేరు. అది ఉన్న చెట్టు మీద గూడు కట్టుకునే చిన్న పక్షులకు ఆ కాపలా ఉచితంగా దొరుకుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి చెబుతాను. ఒక జూలై నెలలో, రాత్రంతా వాన కురిసి వెలిసిన ఉదయం. అక్క మనవరాలు పూజకు మందారాలు కోస్తానని బుట్ట పట్టుకుని బయలుదేరింది. అప్పటికే పెరట్లో గోల మొదలైంది. సాత్ భాయీలు, రెండు గోరింకలు, ఉడుత, అన్నీ ఒక్కసారిగా అరుస్తున్నాయి. మామూలుగా పిల్లి వస్తే పిట్టలు ఎగిరిపోయి పైనుంచి అరుస్తాయి. ఆ రోజు ఎగిరిపోలేదు. కొమ్మల చివరలకు దిగి, మందార మొక్క మొదలు వైపే చూస్తూ అరిచాయి. అక్క అది గమనించింది. “ఆగవే!” అని పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. మొక్క మొదట్లో ఆకుల కింద పాము ఉంది. ఆరడుగులకు తక్కువ లేదు.

క్షణాల్లో ఇరుగుపొరుగు పోగయ్యారు. ఇద్దరి చేతుల్లో కర్రలు ఉన్నాయి. “నాగే, కొట్టండి” అన్నారొకరు. వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో మన దేశంలో పాముకాటు వల్ల దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. చనిపోయినవారిలో ఎక్కువమంది పల్లెల్లో ఉండేవారే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి ఎంత ప్రమాదమో మన పెద్దలకు బాగా తెలుసు.

బావగారు మాత్రం చేతులు అడ్డం పెట్టారు. “ఏటి బాబూ తొందర? దూరంగా నిలబడి ముందు దాన్ని చూడండి. పిల్లల్ని లోపలికి పంపండి” అన్నారు. అందరూ నాలుగడుగులు వెనక్కి వేశారు. పాము మెల్లగా కదిలి గోడ వైపు సాగింది. గోధుమ రంగు ఒళ్లు, తోక వైపు నల్లని అడ్డచారలు, పెద్ద కళ్లు. అది జెర్రిపోతు. దానికి విషం లేదు. ఎలుకలు, కప్పలు దాని ఆహారం. గోడ కన్నంలోంచి ఖాళీ స్థలంలోకి వెళ్లిపోయింది. మరో ఐదు నిమిషాలకు పిట్టలు కూడా అరుపు ఆపి ఆకులు తిరగేయడం మొదలుపెట్టాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ రోజు పిట్టలు చెప్పిందేమిటి? “ఇక్కడ ప్రమాదం ఉంది” అని. అంతవరకు నిజమే. వాటి గుడ్లనూ పిల్లలనూ జెర్రిపోతు తినగలదు కాబట్టి వాటికది ప్రమాదమే. “ఇది నాగు” అన్నది మనుషులు. “కొట్టండి” అన్నదీ మనుషులే. పిట్టల అరుపు విని అక్క పిల్లను ఆపింది. మనుషుల అరుపు విని కర్ర దించి ఉంటే, ఎలుకలు తినే ఒక ప్రాణి ఊరికే చచ్చిపోయేది.

అయితే పామును చూసి అది ఏ జాతిదో మీరే తేల్చుకోవాలని నా ఉద్దేశం కాదు. నాగుపాము ఎప్పుడూ పడగ విప్పే ఉండదు. జెర్రిపోతు కూడా మెడ ఉబ్బించి బుసకొడుతుంది. తెలియనప్పుడు దూరంగా ఉండండి. అటవీ శాఖకు గాని, పాములు పట్టడంలో శిక్షణ ఉన్నవారికి గాని కబురు చేయండి. కాటు పడితే మంత్రాల కోసం కాలం వృథా చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పాములకు కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుందని గుర్తుంచుకోండి.

వారం తర్వాత అదే గోడ మీదికి ముంగిస వచ్చింది. పాముకు శత్రువు కదా, పిట్టలు దాన్ని చూసి సంతోషించాలి కదా? అదేమీ లేదు. పాము మీద అరిచిన పిట్టలే దాని మీద కూడా అంతే గట్టిగా అరిచాయి. ముంగిస కూడా గుడ్లు తింటుంది మరి. దాని గురించి మనకు మరో కథ ఉంది. పాము కరిచినప్పుడు అది ఏదో వేరు తిని బతుకుతుందని చెబుతారు. దానికి అండగా ఉండేది వేరు కాదు. నాగుపాము విషం మామూలుగా కండరాలకు నరాల నుంచి సంకేతాలు అందే చోట అతుక్కుంటుంది. ముంగిస శరీరంలో ఆ చోటు నిర్మాణం వేరుగా ఉండడం వల్ల విషం సరిగా అతుక్కోలేదు. దానికి తోడు దాని చురుకుదనం ఉండనే ఉంది.

ఖాళీ స్థలంలోని రాళ్ల మధ్య తీతువు పిట్టల జంట కూడా ఉంది. తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని మా అమ్మ అనేది. రాత్రి అది అరిస్తే అక్క ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. తీతువు నేల మీదే గుడ్లు పెడుతుంది. కుక్క గాని, ముంగిస గాని, మనిషి గాని అటు వస్తే రాత్రయినా పగలయినా లేచి అరుస్తుంది. ఆ అరుపులో కబురు ఉన్న మాట నిజమే. కాని అది దాని గుడ్లను గురించిన కబురు. మన ఇంటిని గురించినది కాదు.

ఇలా చూసి నేర్చుకోవడానికి పట్టా కావాలా అని మీకు సందేహం రావచ్చు. సలీం అలీ పేరు మీరు విని ఉంటారు. 1896లో బొంబాయిలో పుట్టారు. పదేళ్ల వయసులో తాను కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఎందుకుందో తెలుసుకోవాలని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. ఆ ఒక్క ప్రశ్న ఆయన దారి మార్చింది. పెద్దయ్యాక విశ్వవిద్యాలయ పట్టా లేదని ఒక ప్రభుత్వ ఉద్యోగం ఆయనకు దక్కలేదు. అయినా 1931, 32 సంవత్సరాల్లో నిజాం రాజ్యంలోని పక్షులను సర్వే చేశారు. భారతదేశపు పక్షుల మీద ఆయన రాసిన పుస్తకం 1941లో వచ్చి ఎన్నో తరాలకు చదువు చెప్పింది.

మీరూ ఒక నోటు పుస్తకం తీసుకోండి. పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ‘చూసింది’ అనీ, కుడివైపు ‘అనుకున్నది’ అనీ రాయండి. రోజుకు పది నిమిషాలు చాలు. పెరడు లేకపోతే కిటికీ, కిటికీ లేకపోతే బస్టాండు పక్కన చెట్టు. కుడివైపు ప్రశ్న గుర్తు పెట్టడానికి మొహమాటపడకండి. నా పుస్తకంలో అలాంటి గుర్తులు చాలా ఉన్నాయి. ఒకటి మీకు అప్పగిస్తున్నాను: పిల్లిని చూసినప్పటి పిట్ట అరుపుకూ, పామును చూసినప్పటి అరుపుకూ ఉన్న తేడా ఉడుతకు తెలుస్తుందా? విని చూడండి.