చాప మీద కూర్చుని విన్న పాట

టికెట్ కొన్నాను గానీ పాడేదెవరో తెలియదు. ఎక్కడ పాడతారో కూడా ముందు రోజు గానీ చెప్పలేదు. లండన్‌లో ఉంటున్న మా పెద్దమ్మ కొడుకుని అడిగితే, "ఏమీ అడక్కురా, వచ్చి చూడు" అన్నాడు.

వెళ్లి చూస్తే అదొక మామూలు ఇల్లు! మూడో అంతస్తులో ఎవరిదో హాలు. కుర్చీలూ బల్లలూ గోడ వారగా నెట్టేశారు. కింద తివాచీ, చాపలు, దిండ్లు. నలభై మందిమి మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చున్నాం. ఒకమ్మాయి గిటారుతో వచ్చి, మైకు లేకుండా, నాకు రెండు మూరల దూరంలో పాడింది. చరణానికీ చరణానికీ మధ్య ఆమె ఊపిరి తీసుకోవడం వినపడింది. తీగ మీద వేలు జారిన చప్పుడు వినపడింది! ఇన్నేళ్లూ సభల్లో నేను విన్నది స్పీకర్లనే అనిపించింది. పాట అయ్యాక ఒక్క క్షణం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ క్షణం కోసం మళ్లీ టికెట్ కొంటాను.

దీన్ని సోఫార్ సౌండ్స్ అంటారు. 'సాంగ్స్ ఫ్రమ్ ఎ రూమ్' అన్నదాన్ని కుదించి పెట్టిన పేరు. 2009లో లండన్‌లోనే పుట్టింది. రేఫ్ ఆఫర్, రాకీ స్టార్ట్ అనే స్నేహితులు ఒక కచేరీకి వెళితే, చుట్టూ కబుర్లు, ఫోన్లు, సీసాల గలగల. పాట చెవిన పడితేనా! మనింట్లోనే పెట్టుకుందాం అనుకున్నారు. స్టార్ట్ ఫ్లాట్‌లో డేవ్ అలెగ్జాండర్ అనే గాయకుడు పాడాడు. విన్నది 8 మంది. అది ఇప్పుడు ఖండాలు దాటి వందల నగరాలకు పాకింది.

ఆఫర్ అంతకుముందు డిస్నీ, కోకాకోలాల్లో మార్కెటింగ్ చేసిన మనిషి. నన్ను కట్టిపడేసింది ఇదే. కోకాకోలాకి ఆ ఎరుపు, ఆ వంపుల అక్షరాలు ఎలాగో, సోఫార్‌కి నిశ్శబ్దం అలాగ! మాట్లాడకూడదు, ఫోను తీయకూడదు, చివరిదాకా కూర్చోవాలి. మామూలుగా ముగ్గురు పాడతారు, తలా నాలుగు పాటలు, ముఖ్య గాయకుడంటూ ఎవరూ ఉండరు. పేరు దాచేశారు కాబట్టి పేరు చూసి వచ్చేవాళ్లు రారు, విందామనుకున్నవాళ్లే వస్తారు. ఇంత తెలివైన బ్రాండు నేనెక్కడా చూడలేదు.

ఇంటికొచ్చి, 2016లో న్యూయార్క్ సోఫార్‌లో యెబ్బా అనే గాయని 'మై మైండ్' పాడిన వీడియో చూశాను. ఆ గొంతు గురించి నేనేం చెప్పినా తక్కువే. తప్పకుండా చూడండి.

ఆ రాత్రి మా అమ్మమ్మగారి హాలు కళ్లలో మెదిలింది. బొమ్మల కొలువు పేరంటంలో "ఒక్క పాట పాడమ్మా" అనగానే, సిగ్గుపడుతూనే గొంతు సవరించుకునేవాళ్లు అత్తయ్యలు. మేం పిల్లలం గడప మీద కూర్చుని వినేవాళ్లం. ఆ అలవాటు మనింట్లో ఎప్పుడు పోయిందో నేను గమనించనే లేదు.

అందుకే అడుగుతున్నాను. ఈ ఆదివారం మీ హాల్లో సోఫా ఓ పక్కకి జరపండి. వీధిలో వీణ నేర్చుకుంటున్న అమ్మాయినో, వేణువు ఊదే మాస్టారినో పిలవండి. చాప పరవండి, వచ్చినవాళ్లకు కాఫీలివ్వండి, పాడినవాళ్లకు తాంబూలంలో పెట్టి డబ్బులివ్వండి. ఫోన్లు మాత్రం చెప్పుల దగ్గరే పెట్టించండి.